ఉప్పుగాలికి ఏ ఫోన్? హార్బర్ పనికి గెలాక్సీ ఎక్స్‌కవర్ 7

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం నడిచేటప్పుడు తూకాలు రాసే మనిషి ఫోన్‌ని ఒకసారి తిరగేసి చూడండి. ఛార్జింగ్ పోర్టు లోపల పచ్చటి పొర, మెత్తటి కవరు కింద తడి, ఒక మూల పగిలిన అద్దం. అది ఫోన్ తప్పు కాదు. ఇంట్లో వాడుకోవడానికి చేసిన ఫోన్‌ని జెట్టీ మీద పనికి పెట్టారు, అంతే.

శాంసంగ్ ఎక్స్‌కవర్ 7 ఇలాంటి పనికే చేసింది. ముందే చెప్పేస్తే: జెట్టీ, ఐస్ ఫ్యాక్టరీ, గాజువాక ఆటోనగర్ షెడ్లకు బాగా పనికొస్తుంది. బండి మీద షాపులు తిరిగి ఆర్డర్లు రాసుకునే సేల్స్‌మ్యాన్‌కి దండగ.

2024 ఫిబ్రవరిలో మన దేశంలో విడుదలైనప్పుడు స్టాండర్డ్ ఎడిషన్ ధర 27,208 రూపాయలు, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ 27,530. తేడా 322 రూపాయలే. ఎంటర్‌ప్రైజ్‌కి రెండేళ్ల వారంటీ, ఏడాది పాటు నాక్స్ సూట్ (ఫోన్లను అదుపులో పెట్టే శాంసంగ్ సాఫ్ట్‌వేర్) వస్తాయి. స్టాండర్డ్‌కి వారంటీ ఒక్క ఏడాదే కాబట్టి దాన్ని కొనడంలో అర్థం లేదు. రెండింట్లోనూ 6 జీబీ ర్యామ్, 128 జీబీ మెమరీ, 6.6 అంగుళాల స్క్రీన్. గ్లవ్స్ వేసుకున్నా టచ్ పనిచేసే సెట్టింగ్ ఉంది. ఐస్ పెట్టెల దగ్గర పనిచేసేవాళ్లకి కెమెరా కంటే అదే ముఖ్యం.

దీని అసలు సుగుణం గోరుతో ఊడదీసే బ్యాటరీ. 4,050 ఎంఏహెచ్ అంటే ఈ రోజుల్లో చిన్నదే, ఛార్జింగ్ కూడా 15 వాట్లే, నెమ్మది. కానీ స్పేర్ బ్యాటరీ ఉంటే నిమిషంలో మార్చేసుకోవచ్చు. రెండో బ్యాటరీని ఫోన్‌తో పాటే ఆర్డర్ పెట్టండి, తర్వాత వెతుక్కోవడం కష్టం. గండం కూడా ఇక్కడే ఉంది. వెనక మూతకు నీళ్లు ఆపే రబ్బరు అంచు ఉంటుంది. దాని మీద ఇసుక రేణువో, చేప పొలుసో ఇరుక్కుంటే ఐపీ68, అంటే దుమ్ము, నీళ్ల నుంచి రక్షణ, అక్కడితో సరి. మూత తీసిన ప్రతిసారీ చేతులు తుడుచుకుని, రబ్బరు అంచు చుట్టూ పొడిగుడ్డ తిప్పి, మూతను నాలుగు మూలలా, పక్కల వెంట నొక్కాలి. మధ్యలో నొక్కి వదిలేస్తే ఎక్కడో ఒక చోట లేచే ఉంటుంది.

ఐపీ68 అంటే సముద్రంలో పడినా ఫర్వాలేదని కాదు. ఆ పరీక్ష మంచినీళ్లలో, మీటరున్నర లోతున, అరగంట సేపు చేసేది. ఉప్పునీరు కరెంటుని బాగా పారనిస్తుంది. తడి పోర్టులో ఛార్జర్ గుచ్చితే పిన్నుల మధ్య కరెంటు పారి లోహాన్ని తినేస్తుంది. ఆ పచ్చ పొర అలా వచ్చిందే. ఉప్పునీళ్లు పడితే మూత గట్టిగా ఉందని చూసుకుని మంచినీళ్లతో కడిగి, పోర్టు కిందికి పెట్టి అరచేతి మీద తట్టి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. తడి ఉందని ఫోనే హెచ్చరిస్తుంటే ఛార్జర్ జోలికి వెళ్లొద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, పోర్టులోకి తవుడు పోతుంది. ఫోన్ పక్కన పోగో పిన్నులు (ఛార్జింగ్‌కి బయటే ఉండే లోహపు చుక్కలు) ఉన్నాయి. వాటికి సరిపోయే డాక్, అంటే ఛార్జింగ్ స్టాండ్, కొంటే పోర్టుతో పనే ఉండదు.

బరువు 240 గ్రాములు. చొక్కా జేబు కిందికి లాగుతుంది. పైగా కార్పొరేట్ ఆర్డర్ల దారిలో అమ్మే మోడల్ కాబట్టి ద్వారకానగర్‌లో ఏదో షోరూంకి వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొందామంటే కుదరకపోవచ్చు.

సేల్స్‌మ్యాన్‌కైతే గెలాక్సీ ఏ16 5జీ చాలు. 2024 అక్టోబరులో 8 జీబీ, 128 జీబీ రకం 18,999కి వచ్చింది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, ఆరేళ్ల అప్‌డేట్లు. ఐపీ54 కాబట్టి వాన చినుకులకు తట్టుకుంటుంది, నీళ్లలో పడితే తట్టుకోదు. ఇచ్చేముందు అటెండెన్స్ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. లేకపోతే మధ్యాహ్నానికి ఫోనే ఆ యాప్‌ని నిద్రపుచ్చుతుంది, కుర్రాడు తిరగలేదని మీరు అనుకుంటారు.

ఏ ఫోన్ కొన్నా ఓనర్లు ఇరుక్కునేది ఒకటే చోట. కుర్రాడు తన సొంత జీమెయిల్ వేసుకుంటాడు. ఆర్నెల్లకి మానేస్తాడు, ఫోన్ టేబుల్ మీద పెట్టి వెళ్లిపోతాడు. మీరు పవర్, వాల్యూమ్ బటన్లు నొక్కి రీసెట్ కొడతారు. ఫోన్ మళ్లీ ఆ పాత ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది. దొంగల కోసం పెట్టిన తాళం, యజమానికి పడుతుంది. లెక్క సెటిల్ చేసేముందే అతని చేతే సెట్టింగ్స్‌లో గూగుల్ ఖాతా, శాంసంగ్ ఖాతా రెండూ తీయించి, ఆ తర్వాత సెట్టింగ్స్ లోంచే రీసెట్ చేయండి.

నాలుగైదు ఫోన్లే ఉంటే సంస్థ పేరుతో గూగుల్ ఖాతా తెరిచి, రికవరీ నంబర్ ఓనర్‌ది ఇస్తే సరిపోతుంది. పాతిక ఫోన్లుంటే అన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ తప్పదు. కొత్త ఫోన్ వెల్‌కమ్ స్క్రీన్ మీద ఒకే చోట ఆరుసార్లు తడితే క్యూఆర్ స్కానర్ తెరుచుకుంటుంది, అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే మీ సంస్థ క్యూఆర్ కోడ్ చూపించాలి. శాంసంగ్ ఫోన్ల ఐఎంఈఐలను (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్లు) డీలర్ చేత శాంసంగ్ వారి నాక్స్ మొబైల్ ఎన్‌రోల్‌మెంట్ సేవలో ఎక్కిస్తే, ఎవరు రీసెట్ కొట్టినా మళ్లీ మీ సంస్థ సెటప్‌కే వస్తుంది. ఆ ఎన్‌రోల్‌మెంట్‌కి డబ్బు కట్టక్కర్లేదు.

డబ్బులు అందుకునే యూపీఐ నంబర్‌ని మాత్రం ఇలా చేతులు మారే ఫోన్లో పెట్టకండి. సిమ్ తీసి వేరే ఫోన్లో వేస్తే యాప్‌లో మళ్లీ మొదటి నుంచి వెరిఫికేషన్.

ఆర్డర్ పెట్టేటప్పుడే జీఎస్టీ నంబర్ ఇవ్వండి. 27,530లో 18 శాతం పన్ను దాదాపు 4,200, ఐదు ఫోన్లకు 21,000. అది మీరు కట్టే జీఎస్టీలో క్రెడిట్‌గా తగ్గుతుంది. జీఎస్టీలో చిన్న వ్యాపారుల కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకి ఈ క్రెడిట్ రాదు. *#06# కొట్టి రెండు ఐఎంఈఐలూ రిజిస్టర్‌లో రాసి, ఇన్‌వాయిస్ పక్కనే అంటించండి. ఫోన్ పోతే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి పోలీసు ఫిర్యాదు కాపీతో పాటు ఆ ఐఎంఈఐ నంబర్లు కావాలి.