బారిటోన్ గిటార్‌కి ఏ పికప్ మేలు?

పోయిన నెల చిత్తూరు నుంచి ఒక తమ్ముడు గిటార్ సంచి వీపుకేసుకుని తిరుపతిలో బస్సు దిగాడు. సంచిలో 27 అంగుళాల స్కేల్ (తీగ పలికే భాగం పొడవు) బారిటోన్, అంటే మామూలు గిటార్ కన్నా మంద్రంగా పలికే పొడుగు మెడ గిటార్. "అన్నా, శ్రుతి బి దాకా దించినా. డిస్టార్షన్ (గొంతును గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే లావు తీగ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. బాగా పవర్ ఉండే పికప్ ఒకటి చెప్పు" అన్నాడు. చిక్కంతా ఆ పవర్ అనే మాటలోనే ఉంది.

మామూలు గిటార్‌లో లావు తీగ శ్రుతి ఈ (E), అంటే 82 హెర్ట్జ్. బారిటోన్‌ను బి (B) కి దించితే దాదాపు 62, ఏ (A) కి దించితే 55. అంత మంద్రంలో తీగ వదులైపోకూడదనే మెడ పొడుగు పెట్టేది. అదే తీగను అదే శ్రుతిలో 25.5 అంగుళాల నుంచి 27కి సాగదీస్తే బిగువు సుమారు 12 శాతం పెరుగుతుంది. పైగా బారిటోన్‌కి వేసే తీగలూ లావే. అంత లావు తీగ అయస్కాంతం ముందు ఊగితే సిగ్నల్ దానంతటదే దండిగా వస్తుంది. ఇక పికప్ కూడా అరవాల్సిన పని లేదు.

పికప్ అంటే తీగ ఊపును కరెంటు సిగ్నల్‌గా మార్చేది: అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత రాగి తీగ కొన్ని వేల చుట్లు. చుట్లు పెంచితే వోల్టేజి పెరుగుతుంది. దాంతోపాటే ఇండక్టెన్స్ (కాయిల్ కరెంటు మార్పును అడ్డుకునే గుణం) పెరిగి, పై ఫ్రీక్వెన్సీల మెరుపు తగ్గుతుంది. తీగను మీటిన క్షణంలో వచ్చే 'టక్' అనే అంచు ఉండేది ఆ మెరుపులోనే. మామూలు గిటార్ సోలోకి ఆ మందం బాగుంటుందేమో గానీ, బారిటోన్‌లో అదే బురద. కాబట్టి 'హై అవుట్‌పుట్' అని పెద్దక్షరాలతో అమ్మే పాసివ్ (బ్యాటరీ లేని) పికప్‌లను ముందే పక్కన పెట్టమన్నాను. వాడి ముఖం కాస్త చిన్నబోయింది.

మిగిలినవాటిలో పీ 90 అంటే నాకు వ్యక్తిగతంగా ప్రాణం. 1946 నాటి గిబ్సన్ కంపెనీ సింగిల్ కాయిల్ అది, అంటే చుట్ట ఒక్కటే. క్లీన్‌గా, అంటే డిస్టార్షన్ లేకుండా వాయిస్తే బారిటోన్‌లో ప్రతి తీగా విడివిడిగా, పొడిగా పలుకుతుంది. కానీ సింగిల్ కాయిల్ కరెంటు గుయ్‌మనే మోతను కూడా పట్టుకుంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100. ఏ (A) శ్రుతికి దించిన లావు తీగ 55, దాని పై స్థాయి 110. అంటే మోత మన స్వరానికి పక్కింట్లోనే కాపురం ఉంటుంది. ఈక్వలైజర్‌తో మోతను కోస్తే స్వరమూ తెగుతుంది. సిగ్నల్ తగ్గగానే శబ్దం ఆపేసే నాయిస్ గేట్ పెట్టినా అది వాయించనప్పుడే నోరు మూయిస్తుంది, వాయిస్తున్నప్పుడు కాదు. బైరాగిపట్టెడలో నేను అద్దెకుండే పాత ఇంట్లో ప్లగ్‌కి మూడు రంధ్రాలున్నాయి గానీ వెనక ఎర్త్ వైరే లేదు. కింద పోర్షన్‌లో గ్రైండర్ వేశారంటే నా యాంప్‌కి తెలిసిపోతుంది. మీ ఇంట్లో వైరింగ్ బాగుండి, డిస్టార్షన్ తక్కువ వాడేవాళ్లయితే పీ 90 కళ్లు మూసుకుని వేసుకోండి. వాడికి మాత్రం వద్దన్నాను.

ఈ మోత బాధ పడలేకే 1955లో గిబ్సన్‌లో ఇంజినీరు సెత్ లవర్ రెండు కాయిళ్లను ఒకదానికొకటి ఎదురుగా కలిపి, మోత రద్దయి స్వరం మిగిలేలా హంబకర్ తయారు చేశాడు. ఇందులో అయస్కాంతం ఏదన్నది తరవాతి తగువు. సిరామిక్ అంటే కర్కశం, అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన అయస్కాంతం) అంటే తియ్యన అంటారు గానీ అది సగమే నిజం. చుట్లు మితంగా ఉన్న సిరామిక్ బారిటోన్‌లో చాలా బిగువుగా పలుకుతుంది, పామ్ మ్యూట్‌కి (అరచేతి అంచుతో తీగను అదిమి మీటడానికి) అచ్చంగా సరిపోతుంది. అల్నికో 2 మెత్తన, లావు తీగ దగ్గర కాస్త జారుతుంది. అల్నికో 5 మధ్యస్థం. క్లీన్‌లో బతుకుతుంది, డిస్టార్షన్‌లో తడబడదు.

ఇక యాక్టివ్‌లు. ఈఎంజీ 81 లాంటివాటిలో కాయిల్ చుట్లు తక్కువ, లోపలే ప్రీయాంప్, 9 వోల్టుల బ్యాటరీ. మోత దాదాపు ఉండదు, మంద్రం కత్తిరించినట్టు వస్తుంది. ఫిష్‌మన్ ఫ్లూయెన్స్‌లో అయితే చుట్టిన కాయిల్ బదులు పొరలు పొరలుగా ప్రింటెడ్ సర్క్యూట్ ఉంటుంది, స్విచ్ నొక్కితే రెండో గొంతు కూడా. ఏ కి, అంతకన్నా కిందికి దించి ఎప్పుడూ డిస్టార్షన్‌లోనే ఉండేవాళ్లకి నా ఓటు వీటికే. కానీ పాసివ్ తీసి ఈఎంజీ వెయ్యాలంటే 500 కిలో ఓమ్‌ల పాట్‌లు (వాల్యూమ్, టోన్ తిప్పుడు బిరడాల కింది భాగాలు) తీసి 25 కిలో ఓమ్‌లవి పెట్టాలి, స్టీరియో జాక్ కావాలి, బ్యాటరీకి చోటు చూడాలి. జాక్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. నేను చాలా రోజులు రిహార్సల్ అయ్యాక కేబుల్ పీకకుండానే పడుకునేవాణ్ణి. వినాయక చవితి పందిట్లో రెండో పాటకల్లా గిటార్ గొంతు జీరబోయి, చిల్లు పడ్డ స్పీకర్‌లా గరగరలాడింది. తప్పు నాదే. అయినా ఆ రోజు నుంచి యాక్టివ్ గిటార్‌ని కాస్త అనుమానంగానే చూస్తాను.

వాడు బి దగ్గరే ఆగుతాడు, గుడి మెట్ల మీద కూర్చుని క్లీన్‌గా వాయించుకోవడమూ ఇష్టమే. కాబట్టి బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే చోటు) దగ్గర మితమైన అల్నికో 5 హంబకర్ అని తేల్చాను.

డబ్బు తీసే ముందు ఇంకో పని చేయించాను. మెడ మీది అడ్డ లోహపు కడ్డీల్లో (ఫ్రెట్‌లు) చివరిదాని దగ్గర తీగను నొక్కిపట్టి, లావు తీగకీ పికప్‌కీ మధ్య రూపాయి బిళ్ళలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టమన్నాను, దాదాపు 3 మిల్లీమీటర్లు. రెండు కాదు కదా, ఒక్క బిళ్ళ కూడా దూరలేదు! పికప్ అంత దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగేస్తుంది. 12వ ఫ్రెట్ పైన ఒకే స్వరం రెండుగా చీలినట్టు వినిపిస్తుంది. స్క్రూడ్రైవర్‌తో లావు తీగ వైపు స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ మీటి వింటూ దించాం. చీలిక పోయింది. ముద్ద సగం కరిగింది.

వాడు బ్రిడ్జ్‌కి ఒక్కటే ఆర్డర్ పెట్టాడు. నెక్ (మెడ) దగ్గర పాతదే ఉంచేశాడు.