పదేళ్లు దాటిన ‘రెండో భాగం’: నెల్లూరు నుంచి ఒక అభిమాని సమీక్ష

సినిమాను రెండు ముక్కలు చేసి వదిలే పద్ధతితో పదేళ్లకు పైగా కాపురం చేస్తున్నాను. 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చిన నాటి నుంచి ఈ వరసలో వచ్చిన పెద్ద సినిమాలన్నీ థియేటర్లోనే చూశాను. చాలావరకు నెల్లూరులో, కొన్ని కావలిలో బావ వాళ్లింటికి పోయినప్పుడు, ఒకటి మాత్రం పనిగట్టుకుని సూళ్లూరుపేట పోయి. ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం గట్టిపడిపోయింది. మొదటి భాగానికి నేను కొన్న టికెట్టుకు ఆ రోజే పూర్తి సినిమా దక్కాలి. రెండో భాగం మీద ఆశ అనేది దాని మీద వేసే కొసరు మాత్రమే.

‘బాహుబలి’ అంత ఆడటానికి, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నే కారణమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ ప్రశ్న పడేసరికే మనం కాలకేయుల యుద్ధం మొత్తం చూసేశాం. శివగామి ఎవరిని రాజుగా ప్రకటించిందో, ఎందుకు ప్రకటించిందో తెలిసిపోయింది. కడుపు నిండిన తర్వాత వచ్చిన ప్రశ్న అది. అందుకే 2017 ఏప్రిల్ 28 దాకా, అంటే ఇరవై ఒక్క నెలలు, అది జనం నోట్లో నానింది. ట్రంకు రోడ్డులో టీ తాగుతున్నవాళ్ల దగ్గర నుంచి బస్సులో పక్క సీటాయన దాకా తలా ఒక కారణం చెప్పేవాళ్లు. తీరా రెండో భాగంలో దొరికిన సమాధానం ఎవరూ ఊహించలేని తిరకాసేమీ కాదు. తల్లి ఆజ్ఞ, సేవకుడి కట్టుబాటు, అంతే. అయినా ఆ సీన్లో హాలంతా గుండె పట్టుకుని కూర్చుంది, ఎందుకంటే ఆ ముగ్గురి మధ్య ప్రేమను అప్పటికే మాకు నమ్మకంగా చూపించారు.

2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరుతో మళ్లీ వదిలినప్పుడు మా మేనల్లుణ్ణి తీసుకెళ్లాను. మూడు ముప్పావు గంటల సినిమా. వాడికిది థియేటర్లో మొదటిసారి. ప్రశ్నా, సమాధానమూ ఒకే పూటలో అందాయి వాడికి, మేం పడ్డ ఎదురుచూపు ఏమీ లేకుండానే. సీన్లు కత్తిరించారు కదా, కథ ఎక్కడైనా తెగినట్టుంటుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. అవంతిక ప్రేమకథా, దాంతోపాటు ‘పచ్చబొట్టేసిన’ పాటా పోయినా నాకు లోటు అనిపించలేదు. ‘కన్నా నిదురించరా’ పోవడం మాత్రం బాధ కలిగించింది. దేవసేన మనసు మెల్లగా మళ్లేది ఆ పాటలోనే. అది లేకపోతే ఆమె ప్రేమ తొందరగా జరిగిపోయినట్టుంది. మేనల్లుడికి అదేమీ పట్టలేదు, ఇంటికొచ్చాక కూడా వాడి నోట్లో భల్లాలదేవుడి రథమే. ఆ రోజు నాకు ఒక సంగతి స్పష్టమైంది: కథలో బలం ఉంటే దాన్ని రెండుగా కోసినా నిలబడుతుంది, ఒకటిగా కుట్టినా నిలబడుతుంది.

మరి గ్యాప్ తగ్గిస్తే సరిపోతుందా? సరిపోదని మనకు ముందే తెలుసు. ‘రక్త చరిత్ర’ రెండు భాగాలూ 2010లో ఆరు వారాల తేడాతో వచ్చాయి. ఎన్టీఆర్ జీవితం మీద తీసిన ‘కథానాయకుడు’ 2019 జనవరి 9న వస్తే, ‘మహానాయకుడు’ ఫిబ్రవరి 22కే వచ్చేసింది. నెలన్నర కూడా లేదు. మొదటిది చూసి బయటికొచ్చినవాడు తనంతట తాను నలుగురికి చెప్పకపోతే, రెండోది మర్నాడే వచ్చినా లాభం లేదు.

ఇక ‘పుష్ప’. దీని గురించి మా వైపు వాళ్లకు చెప్పుకోవడానికి చాలా ఉంది. ఎర్రచందనం అంటే అందరూ శేషాచలమే అంటారు గానీ, రాపూరు వైపు వెలిగొండల్లోనూ ఆ చెట్టు ఉంది. దుంగలు పట్టుకున్నారన్న వార్త మాకు పేపర్లో రోజూ కనిపించేదే. పుష్పరాజ్ మాట్లాడేది చిత్తూరు యాస అయినా మా చెవికి అది పరాయిది కాదు. 2021 డిసెంబరులో మొదటి భాగం చూసి వచ్చాక మా వాళ్లలో సగం మంది చివర్లో పోలీసు అధికారి షెకావత్‌తో గొడవ హడావుడిగా ముగించారన్నారు. నాకు ఆ ముగింపు నచ్చింది. ఎందుకంటే ఆ సినిమాను నడిపే దారం షెకావత్ కాదు, ఇంటిపేరు. చిన్నప్పుడు బడిలో, తర్వాత తన నిశ్చితార్థంలో పుష్ప అవమానపడేది ఇంటిపేరు లేకనే. మొదటి భాగం ఆ గాయాన్ని అట్లాగే ఉంచి, డబ్బూ అధికారం మాత్రం చేతికిచ్చి పంపింది. అది సరైన ఆగుడు.

2024 డిసెంబరులో వచ్చిన రెండో భాగం నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. జాతర సీన్ గురించి ఎంత చెప్పినా తక్కువే. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు చీరె కట్టి వేషాలు వేసుకోవడం మాకు తెలుసు, వెంకటగిరి పోలేరమ్మ జాతర చూసిన కళ్లు మావి. అందుకే అల్లు అర్జున్ ఆ వేషంలో రాగానే మా హాల్లో మొదట ఈలలు రాలేదు. ఆడవాళ్లు చేతులు జోడించారు. తర్వాత వచ్చాయి ఈలలు. అంతకన్నా నాకు ముఖ్యం చివర్లో అన్న వచ్చి ఇంటివాడిగా కలుపుకునే ఘట్టం. మూడేళ్ల కిందట తెరిచిన గాయం అక్కడ మానింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. అక్కడికి ఆపేసి ఉంటే రెండు భాగాల సినిమాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండేది కాదు. కానీ ఆపలేదు. పెళ్లిలో బాంబు పేల్చి ‘పుష్ప 3’ అని పేరు వేశారు. మానిన గాయాన్ని మళ్లీ గెలికినట్టయింది. మూడో భాగం వస్తే మొదటి రోజే వెళ్తాను, అందులో సందేహం లేదు. అయినా ఆ బాంబు నాకు ఇష్టం లేదు.

‘సలార్’ దగ్గర నాకున్నది వేరే చిక్కు. 2023 డిసెంబరు 22న చూశాను. తల్లి మాటకు కట్టుబడి చెయ్యెత్తని దేవా, ఆ మాట సడలగానే చేసే విధ్వంసం, ఆ తర్వాత కాటేరమ్మ ఫైటు. ఆ ఒక్క ఫైటుకే టికెట్టు డబ్బులు వచ్చేశాయి. కానీ రెండో సగంలో ఖాన్సార్ నగరం, అక్కడి తెగలు, పట్టాలు, పేర్లు. మన్నార్ ఎవరు, శౌర్యాంగులు ఎవరు అని తలకెక్కేలోపు దేవా ఎవరో చెప్పి తెర దించేశారు. కథ అప్పుడే మొదలైనట్టు అనిపించింది. రెండేళ్లు దాటాయి, రెండో భాగం రాలేదు. ఇప్పుడు నన్ను లేపి ఖాన్సార్ కుర్చీ కథ చెప్పమంటే తడబడతాను. ప్రభాస్, పృథ్వీరాజ్‌ల స్నేహం మాత్రం నిన్న చూసినట్టు గుర్తుంది. గ్యాప్ పెరిగేకొద్దీ జనం మనసులో మనుషులే మిగులుతారు, లెక్కలు మిగలవు. తెగల చిట్టా రాసుకునే దర్శకులందరూ ఇది గమనించాలని నా కోరిక.

‘కల్కి 2898 ఏడీ’ కోసమే సూళ్లూరుపేట పోయాను. అక్కడ 2019లో తెరిచిన పెద్ద హాల్లో తెర వెడల్పు నూరు అడుగులు పైనే. నెల్లూరు నుంచి చెన్నై దారిలో రెండు గంటల ప్రయాణం. కురుక్షేత్రంతో మొదలయ్యే ఆ సినిమాను అంత తెర మీద చూడటం ఒక భాగ్యం. అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడితే మెడ ఎత్తి చూడాల్సి వచ్చింది. మధ్యలో భైరవగా ప్రభాస్ సరదాలు నాకు సాగదీతగానే తోచాయి. చివరి అరగంట మాత్రం అన్నీ మరిపించింది. కమల్ హాసన్ నోట శ్రీశ్రీ జగన్నాథ రథచక్రాలు వినిపించినప్పుడు తెలుగు పాఠం చదువుకున్న ప్రతివాడూ సీట్లో ముందుకు జరిగాడు. కమల్ కనిపించింది కాసేపే, అయినా రెండో భాగం మీద అంత ఆకలి పుట్టించాడు.

దాని మీదే ఇప్పుడు నా దిగులు. దీపికా పదుకొనె రెండో భాగంలో ఉండరని 2025 సెప్టెంబరులో నిర్మాణ సంస్థ ప్రకటించింది. సుమతి కడుపులో బిడ్డ కోసమే కదా అశ్వత్థామ వేల ఏళ్లు కాచుకున్నది? ఆ పాత్రలో వేరే ముఖాన్ని ఒప్పుకోవడం తేలిక కాదు. కథను కొన్నేళ్లు ముందుకు జరిపి, పెరిగిన బిడ్డతో మొదలుపెట్టడమే మంచిదని నా ఆలోచన. ఆలస్యమయ్యే రెండో భాగానికి ఇట్లాంటి ఇబ్బందులు తప్పవు. నటులకు వయసు వస్తుంది, డేట్లు మారతాయి, ఒప్పందాలు మారతాయి. మొదటి భాగం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఆగి ఉంటుంది.

‘దేవర’ గురించి ఎక్కువ రాయను. తండ్రి దేవర కథ నాకు బాగా నచ్చింది. భయం పుట్టించడానికి మనిషి కనబడకుండా పోవడం అనే ఆలోచన గొప్పది. సముద్రం మీద తీసిన సీన్లు మా తీరం వాళ్లకు ఇంకా బాగా ఎక్కాయి. కొడుకు వర కథ మాత్రం సగంలోనే ఉండిపోయింది. పైగా అయినవాడే పొడిచాడన్న ముగింపు చూడగానే హాల్లో అందరికీ కట్టప్ప గుర్తొచ్చాడు. ఒకసారి పండిన చేలో మళ్లీ అదే పంట వేస్తే అంత దిగుబడి రాదు.

ఈ పద్ధతిని సరిగ్గా వాడినవాడు నా దృష్టిలో ప్రశాంత్ వర్మ. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో ఊరి కుర్రాడి కథ మొత్తం అయిపోయింది. అంతా ముగిశాక, రాముడికి హనుమంతుడు ఇచ్చిన మాటేమిటి అని ఒక్క ప్రశ్న వేశారు. నాకు రావాల్సింది వచ్చేసింది, ఆ పైన ఎదురుచూపు నా ఇష్టం. ‘జై హనుమాన్’ ఎప్పుడొచ్చినా చూస్తాను, రాకపోయినా ‘హను-మాన్’ వెలితిగా మిగలదు.

అసలు పెద్ద కథకు రెండు భాగాలు తప్పనిసరా అనే అనుమానం వచ్చినప్పుడల్లా నేను ‘ఆర్ఆర్ఆర్’ తలుచుకుంటాను. ఇద్దరు హీరోలు, ఇద్దరికీ వెనక కథ, స్నేహం, వైరం, జైలు, అడవి, యుద్ధం. అంతా మూడు గంటల చిల్లరలో చెప్పి పంపారు. సెట్లు ఒక్కసారి వేసుకుని రెండు సినిమాలు తీసుకోవచ్చు, ఓటీటీకి రెండుసార్లు అమ్ముకోవచ్చు. నిర్మాతల కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్క తెర మీద కనబడకూడదు.

మా ఊరి నుంచి చూస్తే ఇంకో సంగతి కూడా ఉంది. వసూళ్ల జాబితాలు చదివేవాళ్లకు తెలుసు, నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర అన్నీ అయ్యాక ఎక్కడో అడుగున నెల్లూరు ఉంటుంది. చిన్న ఏరియా. మొదటి మూడు రోజులూ అభిమానులం నింపుతాం, నాలుగో రోజు నుంచి సినిమాను మోసేది ఇంటిల్లిపాదీ వచ్చే జనమే. ఇంట్లో బయలుదేరే ముందు మా అమ్మ ఇప్పుడు అడిగే మొదటి మాట, “ఇదన్నా అయిపోయే సినిమానేనా అబ్బయా? మళ్లీ రెండేళ్లు ఆగమంటారా?” ‘సలార్’ చూసి ఇంటికొచ్చి, “అట్టా మధ్యలో వదిలేశారేందిరా?” అని ఆమె చాలాసేపు అడిగింది. అదే ‘సంక్రాంతికి వస్తున్నాం’కు పండగ రోజుల్లో చుట్టాలందరినీ వెంటేసుకుని తనే ముందు నడిచింది. రమణ గోగుల గొంతులో ‘గోదారి గట్టు’ వస్తుంటే మా వరసలో పిల్లలూ పెద్దలూ కలిసి పాడారు. 2025 మార్చిలో వచ్చిన ‘కోర్టు’ ఇంకా చిన్న సినిమా. ప్రియదర్శి లాయరు, శివాజీ మంగపతి, పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే పోక్సో చట్టం చుట్టూ కథ. రెండున్నర గంటల లోపు మొదలై ముగిసింది. ఆ వారంలో మా వీధిలో మాట్లాడుకున్నది దాని గురించే. పూర్తయిన సినిమా మీదే జనం తీరిగ్గా వాదించుకోగలరు. సగం సినిమా మీద ఊహాగానాలే సాగుతాయి.

రాబోయేవాటిలో నన్ను ఎక్కువ ఊరిస్తున్నది రాజమౌళి, మహేశ్ బాబుల ‘వారణాసి’. 2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’ చూశాక మళ్లీ మహేశ్‌ను కొత్త సినిమాలో తెర మీద చూసేది 2027లోనే. రామోజీ ఫిల్మ్ సిటీలో 2025 నవంబరు 15న ఎద్దు మీద త్రిశూలంతో రుద్రగా మహేశ్ కనిపించిన ఆ కాసేపటి వీడియోను ఎన్నిసార్లు చూశానో. ఇదొక్కటి మాత్రం మొదటి రోజే సూళ్లూరుపేటలో చూడాలని మా బావా నేనూ ఇప్పటికే అనుకున్నాం. కథ ఎంత పెద్దదైనా ఒక్క కూర్చోవడంలో చెప్పేయాలని నా కోరిక. ఆయనకది చేతనవునని ‘ఆర్ఆర్ఆర్’తో చూపించాడు కదా.

‘రామాయణ’ విషయంలో మాత్రం రెండు భాగాలంటే నాకు అభ్యంతరం లేదు. నితేశ్ తివారీ తీస్తున్న ఈ హిందీ సినిమాలో సాయిపల్లవి సీత, రణ్‌బీర్ రాముడు, యశ్ రావణుడు. కథ తెలియనివాడు లేడు కాబట్టి ప్రశ్నలతో ఆపే అవకాశమే లేదు. ఎక్కడ ఆపుతారన్నదే ఆసక్తి. సీతాపహరణం దగ్గర ఆపితే ఉత్కంఠ ఉంటుందని అందరూ అంటున్నారు. నన్నడిగితే భరతుడు పాదుకలు నెత్తిన పెట్టుకుని వెనుదిరిగే చోటికన్నా మంచి ముగింపు లేదు. ఒక కథ పూర్తవుతుంది, అడవి ముందుంటుంది. 1963లో ‘లవకుశ’ చూసి ఏడ్చిన తాతల ఇళ్లలో పెరిగినవాళ్లం, ఈ కథను మేం ఆ కొలతతోనే చూస్తాం. వాళ్లు చేసిన ఒక పని నాకు అన్నిటికన్నా నచ్చింది: మొదటిది 2026 దీపావళికి, రెండోది 2027 దీపావళికి అని ముందే చెప్పేశారు. మన నిర్మాతలు కూడా ఇదే చేయాలి. పోస్టర్ మీద సినిమా పేరు పక్కనే ‘మొదటి భాగం’ అని అంతే పెద్ద అక్షరాలతో వేయండి. రెండోది ఎప్పుడో కిందనే రాయండి. తెలిసి కొన్న టికెట్టుకు మేం ఎప్పుడూ గొడవ పెట్టం.