కేనన్ ఎంపీ-ఈ 65 మి.మీ. మాక్రో లెన్సు: ఏళ్ల తరబడి వాడాక

చిన్న పురుగుల్లాంటివాటిని దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు కొనబోయేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘ఎన్ని రెట్లు?’ అని, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు వస్తువుకు ఎన్ని రెట్లు ఉంటుందని. 1999లో వచ్చిన ఈ లెన్సు ఒకటి నుంచి ఐదు రెట్ల దాకా పోతుంది. నాది కోఠిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. ఇన్నేళ్లలో నేను దాచుకున్న ఫొటోల్లో ఎక్కువ భాగం రెండు, మూడు రెట్ల దగ్గర తీసినవే. ఐదు రెట్లు పెడితే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ వెడల్పు 36 మి.మీ.) పట్టేది అడ్డంగా 7.2 మిల్లీమీటర్లు. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల్లో పెద్దది అందులో నిండుగా పట్టదు.

ఆటోఫోకస్ లేదు, దూరపు వస్తువు ఏదీ ఫోకస్ కాదు. రింగు తిప్పితే మారేవి రెట్లు మాత్రమే. ఫోకస్ కోసం మనమే ముందుకూ వెనక్కూ జరగాలి. ఎడమ చేత్తో కొమ్మ పట్టుకుని, ఆ వేళ్ల మీదే లెన్సు ఆనిస్తాను. గాలికి కొమ్మ ఊగినా లెన్సు దానితోపాటే కదులుతుంది.

అసలు చిక్కంతా వెలుతురుతోనే. అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; దాని ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. రెట్లకు ఒకటి కలిపి, దానితో ఆ అంకెను హెచ్చవేసుకోవాలి. రెండు రెట్ల దగ్గర ఎఫ్/8 అంటే నిజానికి ఎఫ్/24. ఐదు రెట్ల దగ్గర అదే ఎఫ్/48 అవుతుంది, సన్నని వివరాలన్నీ మసకబారిపోతాయి. పోనీ ఎఫ్/2.8కు తెరుద్దామంటే, పదునుగా వచ్చేది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం. అందుకే ఐదు రెట్లను ఇంట్లో ట్రైపాడ్ మీద, వరుసగా తీసిన ఫొటోలను కలిపి ఒకటిగా చేసే పనికే ఉంచాను.

ఫ్లాషు, దాని ముందు వెలుతురును మెత్తగా పరిచే వెడల్పాటి తెర, అంటే డిఫ్యూజర్, లేకుండా ఈ లెన్సు కొనకండి. ఆరుద్ర కార్తెలో వాన పడ్డాక గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. నేరుగా ఫ్లాషు కొడితే వాటి ఎరుపు ఒకే ముద్దగా మాడిపోతుంది. డిఫ్యూజర్ పెట్టండి: ముఖమల్ లాంటి ఆ నూగులో వెంట్రుకకు వెంట్రుక విడిగా నిలబడుతుంది, కాళ్ల కింద అంటిన ఇసుక రేణువు కూడా కనిపిస్తుంది. నేను ఈ లెన్సును ప్రేమించేది అందుకే.

ఇలాంటిదే మరో మాక్రో లెన్సు, లావోవా 25 మి.మీ. కూడా వాడి చూశాను. తేలిక, ఇంట్లో కదలని వస్తువులకు చక్కగా సరిపోతుంది. కానీ అది రెండున్నర రెట్ల దగ్గరే మొదలవుతుంది. అపర్చర్ చేత్తో మూయాలి, మూస్తే వ్యూఫైండర్ చీకటి. గెంతే సాలీడు అంతసేపు ఆగదు. కేనన్‌లో క్లిక్ అయ్యే క్షణం దాకా అపర్చర్ తెరిచే ఉంటుంది.

మొదటిసారి అయితే 100 మి.మీ. మాక్రో లెన్సుకు ముందు బిగించే రేనాక్స్ 250 అనే క్లోజప్ అద్దం తగిలించి ఒక వానకాలం తీయండి. దాదాపు రెండు రెట్లు వస్తాయి, పురుగుకు మరీ ముక్కు ఆనించనక్కర్లేదు.

సెకండ్‌హ్యాండ్ కొంటే గొట్టాన్ని ఐదు రెట్ల దాకా సాగదీసి, కిందికి వంచి, దానంతట అదే జారుతోందేమో చూడండి. తర్వాత వెనక నుంచి టార్చి వేసి ఫంగస్ వెతకండి. మన వానకాలపు తేమకు అది పట్టడం తేలిక, వదిలించడం కష్టం.