18 అంగుళాల కర్వ్ మీద తిరుగుతాయన్న మాట నమ్మి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు కొనకండి

హెచ్‌ఓ స్కేల్‌లో (అసలు రైలులో 87వ వంతు సైజు మోడల్ రైళ్లు) మన ఎల్‌హెచ్‌బీ పెట్టెలు (మన రైల్వేలో తిరిగే పొడుగు ప్రయాణికుల పెట్టెల నమూనాలు) కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నా డబ్బు పోయింది, మీదైనా పోకూడదని రాస్తున్నాను.

నా లేఅవుట్ (మోడల్ రైలు పట్టాల అమరిక) 8×4 అడుగుల ప్లైవుడ్ మీద ఉంది. గదిలో అంతకంటే పెద్ద బల్ల పట్టదు. కర్వులన్నీ 18 అంగుళాల వ్యాసార్థంవే. అమ్మినాయనకి ఈ సంగతి ఫోన్‌లో ముందే చెప్పాను. "ఏం పర్లేదండీ, 18 మీద హాయిగా తిరుగుతాయి" అన్నారు. అయిదు పెట్టెలు తెప్పించాను.

ఒక్కో పెట్టెను చేత్తో తోస్తే నిజంగానే తిరిగింది. అయిదూ తగిలించి ఇంజన్‌తో లాగితే మాత్రం రెండో చుట్టులోనే మూడో పెట్టె వంపు లోపలికి ఒరిగి పడింది. ఎక్కించాను, మళ్లీ అక్కడే పడింది. వెనక్కి తోస్తే ఇంకా ఘోరం, చక్రం బయటి పట్టా ఎక్కేస్తోంది. తప్పు పట్టాలదేమోనని రెండు రోజులు ప్రతి జాయింటూ వేలితో తడిమి చూశాను. పాత పొట్టి వ్యాగన్లు అదే చోట గంటసేపు తిరిగినా ఒక్కటీ పడలేదు.

అప్పుడు పెట్టెలు తిరగేశాను. అసలు ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.54 మీటర్లు. 87తో భాగిస్తే 27 సెంటీమీటర్లు. వ్యాసార్థం పెట్టె పొడవుకి కనీసం రెండున్నర రెట్లుంటే నిశ్చింత అని లేఅవుట్లు కట్టేవాళ్ల లెక్క. అంటే 67 సెం.మీ. పైనే కావాలి. 18 అంగుళాలంటే 45.7 సెం.మీ. మాత్రమే.

ఇరుకు కర్వ్ మీద పొడుగు పెట్టెలు నడవవని కాదు. జర్మనీ మోడల్ రైళ్ల కంపెనీ మార్క్‌లిన్ పొడుగు పెట్టెలు 360 మి.మీ. వ్యాసార్థం మీద కూడా తిరుగుతాయి. పెట్టెను కాస్త పొట్టిగా చేస్తారు, వంపులో కప్లర్ (పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కొక్కెం) బయటికి సాగేలా అమరుస్తారు. నాకొచ్చినవాటిలో కప్లర్ నేరుగా పెట్టె అడుగుకి బిగించేసి ఉంది. వంపులో పెట్టె కొస బయటికి జరిగితే పక్క పెట్టెని కూడా అడ్డంగా లాగుతుంది. చక్రాల ట్రక్కు (పెట్టె కింద చక్రాలు బిగించిన, అటూ ఇటూ తిరిగే చట్రం; మనం పెట్టెనే బోగీ అంటాం కాబట్టి ఈ మాట వాడుతున్నాను) పూర్తిగా తిరగక ముందే తలుపు కింది మెట్టుకి తగులుతోంది.

బరువు ఇంకో లోపం. వంటింటి కాటా మీద పెట్టె 118 గ్రాములు తూగింది. అమెరికాలోని మోడల్ రైళ్ల అభిమానుల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ సిఫార్సు ప్రకారం హెచ్‌ఓలో ఒక ఔన్సు, ఆపైన అంగుళం పొడవుకి అర ఔన్సు చొప్పున ఉండాలి. ఈ పొడవుకి దాదాపు 180 గ్రాములు. తేలిక పెట్టె మధ్యలో ఉంటే, లాగినప్పుడు రైలంతా బిగిసిన తాడులా తిన్నగా అవ్వాలని చూస్తుంది, అది లోపలికి పడుతుంది. రెండు ఇరుసుల మీద ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం కూడా తక్కువే. 14.4 మి.మీ. దరిదాపుల్లో ఉండాల్సింది 13.9 ఉంది, పాయింట్ల (పట్టాలు రెండుగా చీలే చోట్ల) దగ్గర తట్టుకునేది.

చక్రాలు సరిచేశాను. 60 గ్రాముల బరువు నేలబారుగా, రెండు ట్రక్కుల మధ్య పరిచి అంటించాను. మెట్టు అంచు ఆకురాయితో అరగదీశాను. ఎడమ వంపు నుంచి నేరుగా కుడి వంపులోకి వెళ్లే చోట 30 సెం.మీ. తిన్నని పట్టా వేశాను. ఇప్పుడు మూడు పెట్టెలు నెమ్మదిగా తిరుగుతాయి. అయిదూ తగిలిస్తే ఇప్పటికీ పడతాయి.

వెనక్కి పంపుతానంటే, "మీరు అరగదీశారు కదా, తీసుకోం" అన్నారు. ఇది ముఖ్యంగా గుర్తుంచుకోండి. ఆకురాయి, స్క్రూడ్రైవర్ ముట్టుకోక ముందే పడిపోవడం వీడియో తీసి పంపండి. కొనేముందే, మీరడిగిన కర్వ్ మీద మీరు కొనేన్ని పెట్టెలు తగిలించి, లాగుతూ ఒకసారి, తోస్తూ ఒకసారి తీసిన వీడియో అడగండి. ఒక్క పెట్టె తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. కనీస వ్యాసార్థం ఎంతో రాతలో తీసుకోండి. బ్రిటన్ మోడల్ రైళ్ల కంపెనీ హార్న్‌బీ చాలా మోడళ్లకి కనీసం 438 మి.మీ. అని రాసే అమ్ముతుంది, కాబట్టి ఇదేం గొంతెమ్మ కోరిక కాదు.

ఇలాంటి పెట్టెలే 22 అంగుళాల కర్వ్ మీద తిప్పినవాళ్లుంటే, ఎన్ని తగిలిస్తే నిలిచాయో చెప్పండి. నా బల్ల మీద దానికి చోటుంది.