నడిసముద్రంలో రేఖాంశం: చంద్రుడా, గడియారమా? ఏది మేలు?

అక్షాంశంతో పెద్ద చిక్కు లేదు. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తును సెక్స్టాంట్‌తో (కోణాలు కొలిచే పరికరం) కొలిచి, ఆ రోజు సూర్యక్రాంతిని (సూర్యుడు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరంగానో, దక్షిణంగానో ఉన్నాడన్న కోణం) లెక్కలోకి తీసుకుంటే తేలిపోతుంది. టెన్షనంతా రేఖాంశంతోనే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, కాబట్టి రెండుచోట్ల టైముల తేడా తెలిస్తే రేఖాంశం తేడా తెలిసినట్టే. ఓడ ఉన్నచోట టైము సూర్యుణ్ణి చూసి కట్టుకోవచ్చు, కానీ అదే క్షణాన రేఖాంశం సున్నా అయిన గ్రీనిచ్‌లో ఎంతయిందో చెప్పేదెవరు? దీనికి 1714లో బ్రిటిష్ పార్లమెంటు 20,000 పౌండ్ల దాకా బహుమతి పెట్టింది.

మొదటి దారి చంద్రుడు. రోజుకో నక్షత్రం దాటే చంద్రుణ్ణి గడియారం ముల్లుగా వాడుకోవడమన్నమాట. సూర్యుడికో, ఏదైనా తారకో చంద్రుడు ఎంత కోణంలో ఉన్నాడో కొలిచి, 1767 నుంచి బ్రిటిష్ రాజ ఖగోళ శాస్త్రవేత్త మాస్కెలిన్ వెలువరించిన నాటికల్ అల్మనాక్‌లో (నావికుల పంచాంగం అనుకోండి) ఆ కోణం గ్రీనిచ్ టైము ప్రకారం ఎప్పుడు వస్తుందో చూసుకోవాలి. ఖర్చు తక్కువే. కానీ చంద్రుడు కదిలేది గంటకు అర డిగ్రీ. కొలతలో డిగ్రీలో 60వ వంతు పొరపాటు జరిగితే టైములో రెండు నిమిషాలు, రేఖాంశంలో అర డిగ్రీ తేడా వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర అది 30 నాటికల్ మైళ్లు! గాలిలో కాంతి వంగడం, చంద్రుడు మనకు దగ్గరగా ఉండటం వల్ల వచ్చే తేడాలను ఊగుతున్న ఓడలో కూర్చుని లాగరిథమ్ పట్టికలతో సవరించాలి. అమావాస్య చుట్టూ ఆ అవకాశమూ ఉండదు.

రెండోది గ్రీనిచ్ టైమును ఓడలోనే మోసుకెళ్లే గడియారం, ఇంగ్లిష్ గడియారాల తయారీదారు జాన్ హారిసన్ చేసింది. 1761లో జమైకాకు బయల్దేరిన హెచ్4 (ఆయన నాలుగో సముద్ర గడియారం), దాని రోజువారీ తేడాను సవరించాక, 81 రోజుల్లో వెనకబడింది 5 సెకన్లే. లెక్కా చిన్నదే. ధరే గుండె గుభేలుమనిపించేది: దానికి కెండాల్ అనే గడియారాల తయారీదారు చేసిన నకలుకే 450 పౌండ్లు. రెండో యాత్రలో నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ వెంట తీసుకెళ్లింది దాన్నే.

నా ఓటు గడియారానికే, ఒక్క షరతు మీద. ఒకే గడియారం ఉంటే అది తప్పు చూపుతోందని తెలిసే దారి లేదు. రెండుంటే, తేడా వచ్చినప్పుడు ఏది నమ్మాలో తేలదు. అప్పుడు దిక్కు చంద్రుడే. హారిసన్‌కు అడ్డుపడ్డాడంటూ మాస్కెలిన్‌ను విలన్‌గా చూపించే కథల్లో ఈ మాట దాదాపు వినపడదు. ధరలు దిగి ఓడకు మూడేసి గడియారాలు వచ్చాకే చంద్రుడి అవసరం తగ్గింది. 1831లో డార్విన్‌తో బయల్దేరిన బీగిల్ ఓడలోనైతే ఏకంగా 22 ఉన్నాయి.

ఇప్పుడు సెక్స్టాంట్ నేర్చుకునేవాళ్లకు మామూలు క్వార్ట్జ్ వాచీ చాలు. దాని రోజువారీ తేడా రాసిపెట్టుకోవడం మాత్రం మానకండి: భూమధ్యరేఖ దగ్గర 4 సెకన్లు తప్పితే ఒక నాటికల్ మైలు తప్పినట్టే.