గంజాయి అలవాటైన పిల్లోడికి ఏది మేలు: స్టేషనా, సెంటరా, తిరుపతి రుయా ఆస్పత్రి ఓపీనా?

కాలేజీ పిల్లోడి బ్యాగులో గంజాయి పొట్లం కనబడితే ఇంట్లో మొదట వచ్చే మాట, ‘పోలీసులకు పట్టిస్తే బుద్ధొస్తుంది’. తర్వాత, ‘ఎక్కడైనా డీ-అడిక్షన్ సెంటర్లో పడేద్దాం’. ఆస్పత్రి ఎవరికైనా గుర్తొస్తే ఆఖరున. నన్నడిగితే ఈ వరస తలకిందులుగా ఉంది.

ముందు స్టేషన్ సంగతి. మత్తు పదార్థాల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి తాగడమే నేరం: 6 నెలల దాకా జైలు, లేదా రూ.10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దగ్గర పెట్టుకుంటే, అది కిలో లోపే అయినా ఏడాది దాకా శిక్ష పడొచ్చు. మూటలు దాటించేవాడి మీద కేసు పెట్టాల్సిందే, ఏపీలో మత్తు దందాను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల 1972 నంబరు ఉన్నది అందుకే. సిగరెట్టులో పొగాకు రాల్చి గంజాయి కూరుకునే కుర్రాడి మీద కేసు పడితే మాత్రం ‘గంజాయి బ్యాచ్’ అన్న పేరు మిగులుతుంది, రేపు ఉద్యోగం వెరిఫికేషన్లో ఆ కేసు బయటికొస్తుంది. అలవాటు ఎక్కడికీ పోదు.

ఇక సెంటర్లు. అన్నీ చెడ్డవని అనను. కానీ ‘3 నెలలు వదిలేయండి, ఫోన్ కూడా చేయొద్దు’ అన్నారంటే అక్కడే ఆగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనంతో వచ్చే మానసిక సమస్యల్ని కూడా జబ్బుగానే చూస్తుంది, గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. నసిగారంటే లేచి వచ్చేయండి. మత్తుకు అలవాటుపడ్డవాళ్లను బలవంతంగా నిర్బంధించే కేంద్రాల్ని మూసేయమని 2012లోనే ఐక్యరాజ్యసమితి సంస్థలు ఉమ్మడిగా కోరాయి. కొట్టి మాన్పించొచ్చని నమ్మే పెద్దమనుషులు మనలో ఇంకా ఉన్నారు, ఏం చేస్తాం!

నా ఓటు రుయాలో మానసిక వైద్య విభాగానికే. క్యూ ఉంటుంది, తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న బెరుకూ ఉంటుంది. గంజాయికి బదులుగా ఇచ్చే మాత్ర అంటూ ఏదీ లేదు. హెరాయిన్ లాంటివాటికైతే నాలుక కింద పెట్టుకునే బ్యూప్రినార్ఫిన్ ఉంది. గంజాయి మానిన కొత్తలో నిద్ర పట్టదు, ఆకలుండదు, ఊరికే చిరాకు. ఒకట్రెండు వారాలు ఇల్లంతా రణరంగమే. ఆ రోజుల్లో అమ్మానాన్నలకు కూడా ఎవరో ఒకరు ధైర్యం చెప్పాలి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసినా సలహా ఇస్తారు. మళ్లీ తాగాడంటే చికిత్స పనిచేయలేదని కాదు, మళ్లీ తీసుకెళ్లాలని.

పోర్చుగల్ 2001లోనే ఈ దారి పట్టింది. సొంతానికి 10 రోజుల సరుకు మించకపోతే జైలు లేదు, ఒక కమిటీ ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. అమ్మేవాడు అక్కడా నేరస్తుడే.

మన ఎన్‌డీపీఎస్ చట్టంలో అంత వెసులుబాటు లేకపోయినా 64ఏ సెక్షన్ ఉంది. వాడిన కేసులో, లేదా చిన్న మోతాదు కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తానే చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. అయితే అది సర్కారు ఆస్పత్రో, సర్కారు గుర్తించిన సంస్థో అయ్యుండాలి. తాళాలేసిన ఊరూపేరూ లేని సెంటర్లో ఎన్ని నెలలున్నా ఈ రక్షణకు పనికిరాదు. చికిత్స మధ్యలో మానేస్తే ఇచ్చిన రక్షణ వెనక్కి తీసుకోవచ్చు కూడా. అందుకే ఓపీ చీటీ దగ్గర్నుంచి ప్రతి కాగితం ఒక ఫైల్లో దాచిపెట్టండి, వకీలు మొదట అడిగేది అదే.