పిల్లల సంరక్షణ ఎవరి చేతిలో పెడితే మేలు: పట్నం నిపుణులకా, ఊరి యువతకా?

బాలసదనంలోనో మండలంలోనో పిల్లల బాగోగులు చూసే పోస్టు ఖాళీ అయితే రెండు దారులున్నాయి. పట్నంలో ఎంఎస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) చదివినవాళ్లను కాంట్రాక్టు మీద తెచ్చుకోవచ్చు. లేదా ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగిన యువతకే పని నేర్పి, ముందు నిలబెట్టవచ్చు. నా మొగ్గు రెండో దారికే, అయితే కళ్లు మూసుకుని కాదు.

చదువుకుని వచ్చినవాళ్లకు చట్టం తెలుసు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. జరిగింది పదిమంది పదిసార్లు అడిగి బిడ్డను మళ్లీ ఏడిపించకూడదు. ఇవి సొంత తెలివితో అబ్బేవి కావు, నేర్చుకోవాలి. చిక్కల్లా, చాలీచాలని జీతానికి వచ్చినవాళ్లు కాస్త మంచి ఉద్యోగం దొరకగానే వెళ్లిపోతారు. అప్పటికే అమ్మానాన్నలు దూరమైన పిల్ల ఒక అక్కకు ఇప్పుడిప్పుడే దగ్గరవుతుంటే ఆ అక్కా వెళ్లిపోతుంది. ఆ నష్టం ఏ రిజిస్టరుకూ ఎక్కదు.

స్థానికుల బలం ఏమిటో రంగారెడ్డి జిల్లా చూపించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ 1990ల మొదట్లో అక్కడ బాలకార్మికులను బడికి మళ్లించే పనికి దిగింది. ఇల్లిల్లూ తిరిగింది ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలే. చాలామంది తమ ఇంట్లో మొట్టమొదట బడి ముఖం చూసినవాళ్లు. పశువుల వెంట తిరిగే పిల్లాణ్ణి, బడికి సిద్ధం చేసే శిబిరానికి పంపమంటే, 'వాడు చదివి ఏం చేస్తాడు?' అనే తండ్రికి వాళ్ల బతుకే జవాబు. శిబిరాల్లో చదువుకున్న పిల్లల్లో కొందరు తర్వాత తామే కార్యకర్తలయ్యారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ పేరు వెనక ఈ యువత కాలినడక ఉంది.

ఇక స్థానికతకున్న ముల్లు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఇంటిముందు పందిరి వేస్తున్నారని మొదట తెలిసేది అంగన్‌వాడీ టీచరుకే. పిల్ల వయసూ ఆమెకు బాగా తెలుసు. కానీ పెళ్లి చేస్తున్నవాడు ఆమెకు వరసకు బావ. పెళ్లి ఆపితే రేపు నీళ్ల దగ్గర ఎవరూ పలకరించరు. కులం పెద్దల మాట సరేసరి. ఇలాంటిచోట బయటివాళ్లే గట్టిగా నిలబడగలరు. ఫిర్యాదు ఆమె పేరుమీద కాకుండా జిల్లా బాలల సంరక్షణ విభాగం పేరుమీద నడవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేసినవాళ్ల పేరు బయటికి పొక్కకూడదు.

అందుకే నా లెక్క ఇది: రోజువారీ సంరక్షణ, నాయకత్వం స్థానికులకు, వేధింపు కేసులు, మానసిక వైద్యం నిపుణులకు. నిపుణుల కాంట్రాక్టులోనే ఇద్దరు స్థానికులకు పని నేర్పాలన్న షరతు ఉండాలి. రెండురోజుల శిక్షణ, భోజనం, సర్టిఫికెట్‌తో ఎవరూ తయారుకారు. కేసు పక్కన కూర్చోబెట్టి నేర్పాలి. నేర్చినవాళ్లకు నిర్ణయం తీసుకునే అధికారమూ ఇవ్వాలి, లేకపోతే ఫైళ్లు మోసే మనుషులుగానే మిగిలిపోతారు.

అన్నిటికన్నా ముందు బాలసదనాల్లాంటి హోముల్లో పెరిగినవాళ్ల వైపు చూడాలి. 18 నిండగానే వాళ్లు గేటు దాటాలి. పిల్లల సంరక్షణకున్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఆ తర్వాత నెలకు 4,000 రూపాయల సాయానికి వీలుంది, అదీ కొన్నాళ్లే. హోములో రాత్రిళ్లు ఎలా గడుస్తాయో, ఏ వార్డెన్ మాటకు పిల్లలు బెదురుతారో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. డిగ్రీ లేదని తోసేయకుండా, పని చేస్తూనే చదువుకునేలా ఈ పోస్టుల్లోకి ముందు వాళ్లనే తీసుకోవాలి.